రెండు తెరచాపలు, ఒక ఆషాఢపు ఆదివారం

మా ఇంట్లో రెండు తెరచాపలు ఉన్నాయి. కోలారు జిల్లాలో సముద్రం లేదని నాకు తెలుసు. తెలియదేమోనన్న అనుమానంతో మా ఆండర్సన్‌పేట వీధిలో చాలామంది నాకు ఆ సంగతి చెప్పారు. ఇస్త్రీ బండి ఆయన రెండుసార్లు చెప్పాడు.

ఉద్యోగం నన్ను మూడేళ్లు తమిళనాడు తీరంలో ఉంచింది. అక్కడ సాయంత్రాలు ఏం చేయాలో తోచక, పలక మీద నిలబడి తెరచాప పట్టుకుని గాలితో పాటు పోయే ఆట నేర్చుకున్నాను. విండ్‌సర్ఫింగ్ అంటారు. నేర్చుకున్నాను అనడం కొంచెం ఎక్కువే. నీళ్లలో పడడం నేర్చుకున్నాను, పడ్డచోటి నుంచి లేచి రావడం కూడా. బదిలీ అయ్యి ఊరికి వచ్చేవాళ్లు అక్కడినుంచి ఎండుచేపలు తెచ్చుకుంటారు. నేను ఒక పలక, రెండు తెరచాపలు, వాటిని నిలబెట్టే ఒక మాస్టు తెచ్చుకున్నాను. మాస్టు మధ్యలో రెండు ముక్కలుగా విడిపోయే రకం. కీలులో సముద్రపు ఇసుక ఇరుక్కుని, విడిపోవడం మానేసింది. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. మా ఇల్లు బంగారు గని నడిచే రోజుల్లో కట్టిన రెండు గదుల ఇల్లు కాబట్టి, మాస్టు లోపల ఉండాలంటే దాని తల వంటింటి కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండాలి. మా ఆవిడ దాని మీద తువ్వాళ్లు ఆరేస్తుంది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక ఉపయోగం ఉండి తీరాలంటుంది.

అసలు చిక్కు పోయిన ఏడు మొదలైంది. తీరంలోని పాత ఆటగాళ్లందరూ ఏడాదికోసారి ఒకచోట చేరి పోటీలు పెట్టుకుంటారు. అందులో రెండు రకాలు. ఒకటి స్లాలమ్. నీళ్లలో తేలే గుర్తులు వదులుతారు. అందరూ ఒకేసారి బయల్దేరి, ఒక్కో గుర్తునూ చుట్టుకుంటూ, ఇటొక మలుపు అటొక మలుపు తిరుగుతూ పోవాలి. రెండోది వేగం పోటీ. అందులో మలుపుల్లేవు. కొలిచి పెట్టిన దూరాన్ని ఒక్కొక్కరుగా, తిన్నగా, ఎంత వేగంగా దాటగలిగితే అంత. పోయిన ఏడు నేను స్లాలమ్‌కు పేరిచ్చాను. ఆఖరున వచ్చాను అనడం నాకిష్టం లేదు. నా తర్వాత ఎవరూ రాలేదు, అంతే. నేను ఒడ్డు చేరేసరికి గెలిచినతను బట్టలు మార్చుకుని, భోంచేసి, చెయ్యి కడుక్కుంటున్నాడు.

ఆ కబురు విని మా ఆవిడ కోప్పడలేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఇంగొక్క తూరి పొండి," అంది. "ఈ తూరి కూడా ఆఖరైతే ఈ సామానంతా ఇంట్లోంచి పోవాల. ఆఖరు కాకపోతే ఉండనీ, నేనేం మాట్లాడను."

"ఎప్పటికీ మాట్లాడవా?"

"దీని గురించి ఎప్పటికీ మాట్లాడను. మిగతావాటి గురించి చెప్పలేను."

లెక్కల టీచరు పెట్టిన షరతు. సందుల కోసం నేను వెతకలేదు.

ఈ ఏడు పోటీ పెట్టేవాళ్లు ఒక నియమం తెచ్చారు. ఒక్కొక్కరు ఒక్క పోటీకే పేరివ్వాలి, ఏదన్నది సోమవారం సాయంత్రంలోగా చెప్పాలి. నా రెండు తెరచాపల్లో పెద్దది స్లాలమ్‌ది, చిన్నది వేగానిది. పెద్దది కొంచెం పొట్ట ఉన్న పెద్దమనిషి లాంటిది. లోపల అడ్డంగా ఉన్న బద్దలు ఆ పొట్టను ఎప్పుడూ నిలిపి ఉంచుతాయి. గాలి అంతంతమాత్రంగా ఉన్నా నింపుకుని కదులుతుంది. మలుపులో మన చేతులు తడబడినా కొంతవరకు సర్దుకుపోతుంది. చిన్నది బక్కగా, బల్లపరుపుగా ఉంటుంది. మామూలు గాలిని గాలిగానే లెక్కపెట్టదు. గట్టి గాలి వస్తే మాత్రం నీళ్ల మీద గీత గీసినట్టు పోతుంది, అదీ తిన్నగా. మలుపు తిప్పబోతే సగంలో చతికిలబడుతుంది. ఈ రెండింటిలో ఏది నన్ను ఆఖరు స్థానం నుంచి కాపాడుతుందో తేల్చుకోవడానికి నాకు ఒక్క ఆదివారం మిగిలింది.

అదృష్టం కొద్దీ అది ఆషాఢం. మా వైపు ఆషాఢం గాలి ఎలాంటిదో గాలిపటాలు ఎగరేసేవాళ్లు చెబుతారు, రేకుల ఇళ్లవాళ్లు ఇంకా బాగా చెబుతారు. మా అక్క అత్తవారిది టేకల్ దగ్గర పల్లె. బావ రాగి చేను దాటితే పెద్ద చెరువు. బెంగుళూరు జనం వాడి వదిలిన నీళ్లను శుద్ధి చేసి మా వైపు చెరువులకు పంపుతున్నారు కదా, ఆ పుణ్యాన అందులో కొన్నేళ్లుగా నీళ్లు నిలుస్తున్నాయి. పడినప్పుడు నోరు మూసుకోవాలన్నది ఆ చెరువులో నేను పాటించే ఏకైక నియమం.

మా ఆవిడ సమయం చూడడానికి వస్తానంది. ఆమెతో పాటు మామ కూడా బయల్దేరాడు. మామ అంటే మా ఆవిడ తండ్రి. ఉండేది మా పక్క వీధిలోనే. గని మూతపడే దాకా ముప్పై ఏళ్లు భూమి లోపల గాలి పని చేశాడు. వేల అడుగుల లోతున మనుషులు ఊపిరి పీల్చాలంటే పైనుంచి గాలి దిగాలి. దిగిన గాలి ఎటుపడితే అటు పోకుండా, మనుషులున్న సొరంగంలోకే పోవాలి. అందుకోసం అక్కడక్కడా కాన్వాసు తెరలు కట్టి దాన్ని మళ్లించేవాళ్లు. ఆ తెరలు కట్టడమే మామ ఉద్యోగం. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా తలుపెక్కడ, కిటికీ ఎక్కడ అని ఒకసారి చూసి కుర్చీ జరుపుకుని కూర్చుంటాడు. ఆ ఇంట్లో చల్లని చోటు అదేనని మిగతావాళ్లకు అరగంట తర్వాత తెలుస్తుంది.

"గాలి చూసేదానికి పోతా, నన్ను పిలవకుంటే ఎట్లప్పా?" అన్నాడు, బావ పంపిన పాల వ్యానులో అప్పటికే ముందు సీటులో కూర్చుని.

చెరువు కట్ట మీద దిగగానే మామ మా ఆవిడ సంచిలోంచి ఒక చాక్‌పీసు తీసి, పొడి చేసి, గాలిలోకి వదిలి, అది చెదిరిపోయే దాకా పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు.

"ఇప్పుడు ఎనిమిది ఉండాది. మద్దేనానికి పదైదు అయితాది."

"ఏ కొలత మామా అది?"

"నా కొలత."

మధ్యాహ్నానికి గాలి నిజంగానే దాదాపు రెండింతలైంది.

ముందు పెద్దది. బావ రెండు నీలం డ్రమ్ములకు రాళ్లు కట్టి చెరువులో వదిలాడు. వాటి చుట్టూ నేను ఐదు మలుపులు తిరగాలి. కట్ట మీద ఆవులు మేపుకునే ఒక అవ్వ, తాను ఎందుకు నిలబడిందో ఆవులకు చెప్పకుండా నిలబడిపోయింది.

మొదటి డ్రమ్ము దగ్గరకు బాగానే పోయాను. మలుపు తిప్పబోయేసరికి ఒక దమ్ము గాలి ఉన్నట్టుండి విసురుగా వచ్చి తెరచాప పట్టుకున్న వెనక చెయ్యిని లాగింది, పడ్డాను. లేచాను. రెండో డ్రమ్ము. మళ్లీ దమ్ము, మళ్లీ లాగుడు. గాలి లేనప్పుడు బుద్ధిగా ఉండే తెరచాప, గాలి రాగానే గంగిరెద్దులా తల ఎగరేస్తోంది. ఒడ్డున మాటలు నీళ్ల మీదుగా స్పష్టంగా వినిపించాయి.

"ఆయప్పకి ఏమయింది?" అంది అవ్వ.

"పోటీకి పోతాడంట అవ్వా," అన్నాడు బావ.

"నీళ్లల్లో పడే పోటీనా?"

"కాదులే."

"అదైతే గెలుస్తాడు."

ఒడ్డుకు రాగానే మా ఆవిడ ఫోను చూసి ఫలితం చదివింది. "మలుపులు ఐదు. తిరిగింది ఒకటి. పడింది మూడు."

"ఇంకొకటి?"

"ఇంగొకటి మీరు నిలబడి ఆలోచిస్తా ఉంటిరి."

పెద్ద తెరచాపకు ఇంక అవకాశం లేదని నాలో నేను తీర్మానించుకున్నాను. చిన్నదాన్ని మాస్టుకు ఎక్కించి, గాలికి ఎగిరిపోకుండా రాళ్లు పెట్టి, భోజనానికి బయల్దేరాను. మామ రానన్నాడు. "మీరు తినిరాండి. నాకు ఆకలి లేదు. నేను దీన్ని కొంచెం చూస్తా," అన్నాడు. చూడడంలో తప్పేముందనుకున్నాను. అక్క సంగటి, ఆకుకూర ఉడికించిన నీళ్లతో కాచిన బస్సారు పెట్టింది. రెండో ముద్ద వద్దన్నాను. అక్క దాన్ని అభిప్రాయంగా మాత్రమే తీసుకుంది.

తిరిగి వచ్చేసరికి మామ గట్టు మీద కూర్చుని వక్క నములుతున్నాడు. ముఖంలో ఒక నిండుదనం కనిపించింది. గాలి పదిహేనుకు చేరిందన్న సంతోషం అనుకున్నాను.

చిన్న తెరచాపతో చెరువు ఆ చివరికి చేరుకుని, కట్ట వైపు తిన్నగా గురిపెట్టి బయల్దేరాను. పలక నీళ్ల మీదికి లేచి జారడం మొదలుపెట్టింది. ఇంత తొందరగా ఎప్పుడూ లేవలేదే అనుకునే లోపల పెద్ద దమ్ము వచ్చింది. అలాంటప్పుడు ఈ తెరచాప పైభాగం కొంచెం తెరుచుకుని, ఎక్కువైన గాలిని వెనక్కి వదిలేస్తుంది. ఈసారి వదల్లేదు. వచ్చిన గాలినంతా తనే ఉంచుకుంది. ఆ బలం ఎక్కడో ఒకచోటికి పోవాలి కాబట్టి నన్ను తీసుకుని ముందుకు పోయింది. పలక ముక్కు మీదుగా, తెరచాపతో సహా, కొంత దూరం గాలిలో ప్రయాణించాను. నా ఏకైక నియమాన్ని పాటించడం మరిచిపోయాను.

తెరచాపను ఈడ్చుకుంటూ ఒడ్డెక్కేసరికి అవ్వ తీర్పు సిద్ధంగా ఉంది. "ముందుదాని కంటే ఇదే బాగుండాది. శానా దూరం పోయి పడినాడు."

మామ ఎదురొచ్చాడు. "బాగా పట్టిందా గాలి?"

"ఏం పట్టింది మామా?"

"తల కాడ వదులుగా ఉండె కదా. గాలంతా వేస్టు పోతా ఉండె. ఎవరో తెలియనోడు కుట్టినట్టు ఉండాడు. మూడు కుట్లు ఏసినా. ఇంగ ఒక్క చుక్క గాలి పోదు."

చూశాను. తెరచాప పైభాగంలో, వెనక అంచును చిన్న మడత పెట్టి, బావ గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో మూడు చోట్ల కుట్టి ఉంది. కుట్టు చక్కగా, సమానంగా ఉంది. ఆ తెరచాప చేసినవాళ్లు కూడా ఏ అంచునూ అంత శ్రద్ధగా కుట్టలేదు.

"నాయనా!" అంది మా ఆవిడ.

"ఏమ్మా? కింద పనిచేసేటప్పుడు తెర వదులుగా ఉంటే మేస్త్రీ ఒప్పుతాడా? సందు ఉండిందంటే ఆ పక్క మనిషికి గాలి అందదు. ముప్పై ఏండ్లు నేను కట్టిన తెరలో ఒక్క సందు చూపించమను."

నాకు కోపం రావాల్సిన సమయమే. కానీ ముప్పై ఏళ్లు ఒక మనిషి మనుషులకు ఊపిరి అందేలా సందులు మూసి, ఇప్పుడు అలవాటు కొద్దీ నాదీ మూశాడు. దానికి ఏమని కోప్పడాలి? తడి బట్టలతోనే కూర్చుని చెప్పాను. ఆ వదులు లోపం కాదని, కావాలనే అలా కత్తిరిస్తారని, దమ్ము వచ్చినప్పుడు పైభాగం విప్పుకుని ఎక్కువైన గాలిని వదలకపోతే కింద పట్టుకున్నవాడు ఎగిరిపోతాడని.

మామ నమలడం ఆపాడు. లేచి తెరచాప తల దగ్గర తన కుట్టును వేలితో తడిమాడు.

"అంటే, రిటర్న్," అన్నాడు.

"ఏంటి మామా?"

"గనిలోకి గాలి దిగే దోవ ఒకటి, బయటికి పోయే దోవ ఇంగొకటి. పోయే దోవ ఉంటేనే వచ్చేది వస్తాది. రెండోదాన్ని మేము రిటర్న్ అంటాము. ఇంత చదివినావు, ఈ ఒక్క మాట ముందే చెప్పకూడదా అప్పా? దబ్బనం ముట్టుకునే పనే లేదు."

కుట్లు పంటితో తెంపేశాడు. మిగిలిన రంధ్రాలకు బావ ఇంట్లోంచి కరెంటు తీగలకు చుట్టే నల్ల టేపు తెచ్చి అంటించాం. మళ్లీ పోయాను. ఈసారి దమ్ము వచ్చినప్పుడు తెరచాప పైన తెరుచుకుంది, కింద నా చేతుల్లో ఏ బరువూ పెరగలేదు. పలక కింద నీళ్లు గలగల మానేసి బుస్సుమన్నాయి. నా జన్మలో అంత వేగంగా నీళ్ల మీద పోలేదు. ఎనిమిది సెకన్ల తర్వాత చెరువు అయిపోయింది. ఆ తెరచాపకు కావలసిన పొడవు మా జిల్లా చెరువుల్లో లేదు. నీళ్లు చొరని సంచిలో మెడకు వేసుకున్న ఫోను చూస్తే వేగం గంటకు నలభై కిలోమీటర్లు దాటింది.

"అయిపోయింది," అన్నాను. "వేగం పోటీకే పోతాను."

మామ నా మాట వినడం లేదు. ఒడ్డున పడుకోబెట్టిన పెద్ద తెరచాప చుట్టూ తిరుగుతున్నాడు. మాస్టు ఒకటే కాబట్టి దాన్ని మళ్లీ ఎక్కించమన్నాడు. ఎక్కించాను. తల దగ్గర గోటితో కొట్టి చూశాడు. డోలులా మోగింది.

"దీనికి యాడుండాది రిటర్న్?"

నేను వంగి మాస్టు అడుగున నేను కట్టిన ముడి చూశాను.

తెరచాపను మాస్టు మీద కిందికి లాగి కట్టే తాడు ఒకటి ఉంటుంది. దాన్ని ఎంత గట్టిగా లాగితే పైన తల అంత వదులవుతుంది. ఎంతవరకు వదులవ్వాలో తెరచాప మీదే చిన్న గీత గీసి ఉంటుంది. నేను ప్రతిసారీ చేతులు నొప్పి పుట్టే దాకా లాగి, చాలులే అని కట్టేసేవాడిని. గీతకు జానెడు ఇవతలే ఆగిపోయేది. చిన్నదానికి అంత బలం అక్కర్లేదు కాబట్టి సరిపోయేది. పెద్దదానికి సరిపోలేదు. అంటే మొదటినుంచీ దాని తలను నేను దబ్బనం లేకుండానే కుట్టేసి పెట్టుకున్నాను. అది ప్రతి మలుపులో నన్ను విదిలించిందంటే, పాపం, దానికి వేరే దోవ లేదు.

తాడు లాగడానికి బావ ముందుకొచ్చాడు. తాడును ఒక కర్రకు చుట్టి, మాస్టు అడుగుకు కాలు తన్నిపెట్టి, వెనక్కి వాలాడు.

"ఇది మాకు అలవాటే అప్పా. ఆవు ఈనలేకపోతే దూడని ఇట్లే లాగుతాము. తొందర పడకూడదు. అది ఊపిరి తీసుకునేటప్పుడు ఆగి, మళ్లీ లాగాల."

"అది ఊపిరి తీసుకోదు బావా."

"నేను తీసుకుంటాను కదా."

రెండు లాగుల్లో తాడు గీతను చేరింది. పైన తెరచాప తల ఒక్కసారిగా వదులై, మెత్తగా వెనక్కి వాలింది. మామ దాన్ని చూసి, సరే అన్నట్టు వక్క ఉమ్మేశాడు.

"ఇన్నాళ్లూ ఇంతేనా?" అంది మా ఆవిడ.

"ఇంతే."

"ఒక తాడు సరిగ్గా లాగకపోవడం."

"అలా చెబితే చిన్నదిగా అనిపిస్తుంది."

మళ్లీ రెండు డ్రమ్ముల మధ్య ఐదు మలుపులు. దమ్ములు వస్తూనే ఉన్నాయి, తెరచాప వాటిని పైనుంచి వదిలేస్తూ ఉంది. మూడు మలుపులు శుభ్రంగా తిరిగాను. ఒకటి తడబడి తిరిగాను. ఒకదాంట్లో పడ్డాను, అది అలవాటు కొద్దీ. నేను ఒడ్డెక్కేసరికి అవ్వ ఆవులను తోలుకుని వెళ్లిపోతోంది. ఇక చూసేదేమీ లేదని తేలిపోయినట్టుంది.

సోమవారం సాయంత్రం దాకా నా మనసు మాత్రం నలభై దాటిన ఆ అంకె చుట్టూనే తిరిగింది. మలుపులు బాగుపడితే పడ్డాయి గానీ, అంత వేగం చూశాక ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆఫీసు నుంచి రైలు దిగి నేరుగా మామ ఇంటికి వెళ్లాను. ఫోనులో పేరు నింపే పేజీ తెరిచి పెట్టుకుని, చిన్న తెరచాప గొప్పతనం పది నిమిషాలు చెప్పాను. మామ ఓపిగ్గా విన్నాడు.

"ఆ దినం గాలి తక్కువుంటే అది ఏం చేస్తాది?"

"ఒడ్డున పడి ఉంటుంది."

"నువ్వు?"

"దాని పక్కన."

"పెద్దది?"

"తక్కువ గాలికీ పోతుంది. ఎక్కువైనా ఇప్పుడు సర్దుకుంటుంది."

మామ కుర్చీని కొంచెం కిటికీ వైపు జరుపుకున్నాడు. నేను స్లాలమ్ అని నొక్కాను.

పోటీకి మాస్టును ముళబాగిలు నుంచి చెన్నై పోయే టమాటా లారీ మీద పంపాను. బాక్సుల మీద పడుకుని అది నాకంటే ఒక పూట ముందే చేరింది, కొంచెం టమాటా వాసనతో. పోటీ రోజు ఉదయం గాలి మామ కొలతలో ఎనిమిది కూడా ఉండదు. వేగం పోటీవాళ్లు తమ చిన్న తెరచాపల పక్కన ఒడ్డున కూర్చుని కొబ్బరి నీళ్లు తాగుతున్నారు. నేను తాడుకు కర్ర చుట్టి, మాస్టుకు కాలు తన్ని, ఊపిరి తీసుకుంటూ ఆగి ఆగి లాగాను. పక్కన తెరచాప కట్టుకుంటున్నతను వింతగా చూశాడు. దూడల సంగతి అతనికి చెప్పాలంటే చాలా దూరం నుంచి మొదలుపెట్టాలి, అందుకే ఊరుకున్నాను.

మూడో గుర్తు దగ్గర ఒకసారి పడ్డాను. మిగతావన్నీ తిరిగాను. ఒడ్డు చేరి వెనక్కి తిరిగి చూస్తే, ఒకతను ఇంకా నీళ్లలో ఈదుకుంటూ తన పలక వైపు పోతున్నాడు. ఇంకొకతను తప్పు గుర్తును చుట్టి, అది తప్పని తెలిసి, మళ్లీ మొదటికి వస్తున్నాడు. వాళ్ల మీద నాకు కలిగిన ప్రేమ మాటల్లో చెప్పలేను.

ఒడ్డునే నిలబడి ఇంటికి ఫోను చేశాను.

"ఎంతమంది?" అంది మా ఆవిడ.

"పద్నాలుగు మంది."

"మీరు?"

"పన్నెండు."

అవతల ఒక క్షణం లెక్క జరిగింది. "అయితే వెనక ఇద్దరుండారు."

"ఉన్నారు."

"నిజమేనా?"

"కావాలంటే వీడియో తీసి పంపుతా. ఒకాయన ఇంకా ఈదుతూనే ఉన్నాడు."

"అక్కర్లేదు. మాట మాటే. సామాను ఉండనీ." తర్వాత గొంతు తగ్గించి అంది: "పాపం, ఆ ఇద్దరి ఇండ్లల్లో ఈ పొద్దు ఏమైతాదో."